గోడకవతలి కలువలు

పోయిన నెల షాద్‌నగర్‌లో ఉన్న మా చిన్నమ్మను చూడడానికి వెళ్లాను. చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముడి భార్య, సత్తెమ్మ. ఎనభై అయిదు దాటాయో దాటబోతున్నాయో ఆమెకే తెలియదు. కొడుకు అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరై, అక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు కోడలు ఒక ప్లాస్టిక్ టబ్బులో కలువలు పెంచుతోంది. నర్సరీ నుంచి తెచ్చిందట, ఊదారంగువి. ఎదురుగా పూలు పెట్టుకుని మళ్లీ ఫోనులో వాటి ఫోటోలు కూడా నాకు చూపించింది. నేను గమనించిందేమిటంటే, చిన్నమ్మ కుర్చీ ఆ టబ్బుకు వీపు పెట్టి ఉంది. ఇటు తిరిగి కూర్చుంటే పూలు కనిపిస్తాయి కదా అన్నాను. కప్పులోని టీ ఊదుకుంటూనే ఉంది. చెవుడు కాబోలనుకున్నాను. టీ తాగడం అయి, కోడలు కప్పులు తీసుకుని లోపలికి పోయాక, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ అత్త కలువలను సంపింది నేనే బిడ్డా. బలమొస్తదని కుడితి పోసిన."

అరవై ఏళ్ల కిందటి మాట అది. ఆ కలువలను చిన్నమ్మ పగబట్టి చంపిందని మా ఇంట్లో అందరం నమ్మాం. మా అత్త కూడా అదే నమ్మి చచ్చిపోయింది. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు మండుతూనే ఉంది. మంట చిన్నమ్మ మీద కాదు. మా బాపు మీద, మా చిన్నాయన మీద. వాళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్లను తిట్టొద్దని మా అమ్మ నేర్పింది. అమ్మ నేర్పినవన్నీ నేను పాటించలేదు, దీన్నీ పాటించను.

మాది కేతేపల్లి దగ్గర ఒక పల్లె. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన కొన్నేళ్లకు నాకు ఊహ తెలిసింది. గొర్లు, మేకలు, రెండు జతల ఎద్దులు, ఒక పాడి బర్రె, వాన పడితే పండే చెలక, ఇవీ మా ఆస్తి. ఇల్లు మట్టిదే అయినా వాకిలి మాత్రం పెద్దది. పొద్దున లేవగానే ముక్కుకు తగిలేది గొర్రె ఉన్ని వాసన, దాని వెనకే పిడకల పొగ, ఆ రెంటినీ దాటి కొట్టం పక్కనున్న గోలెం నుంచి పుల్లటి కుడితి వాసన. గోలెం అంటే మనిషి చేతులు చాపి కావలించుకోలేనంత పెద్ద మట్టి తొట్టి. సగం దాకా నేలలో పాతి ఉంటుంది. జొన్నలు కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అంబలి, దోసెడు తవుడు, అన్నీ అందులోకే పోతాయి. అదే కుడితి. బర్రె సాయంత్రం ఇంటికి వస్తే ముందు దాని మూతి గోలెంలోకే. మా ఇంట్లో కుడితి అంటే సర్వరోగ నివారిణి. ఈనిన బర్రెకు కుడితి, చిక్కిపోయిన దూడకు కుడితి, వాడిన ఆనపపాదుకు కుడితి. మనుషులు తాగరు గానీ, తాగే వీలుంటే మా అవ్వ జ్వరమొచ్చిన పిల్లలకు కూడా అదే పట్టించేది.

అవ్వ మా బాపు తల్లి. దర్వాజ పక్కన మంచం వేసుకుని, పొగాకు నములుతూ, ఇంటినంతా నోటితోనే నడిపేది. ఆమెకు ఇద్దరు కొడుకులు, వాళ్ల నడుమ ఒక బిడ్డ. ఆ బిడ్డే మా బాలమ్మత్త. అత్తకు పిల్లలు కాలేదు. భర్త మారుమనువు చేసుకున్నాడు. కొత్తామె కాపురానికి వచ్చిన రోజునే అత్త ఒక చీరెల మూటతో నడుచుకుంటూ పుట్టింటికి వచ్చేసింది. మరో మనువుకు సంబంధాలు వచ్చాయి, మాలో అది తప్పు కాదు. అత్తే వద్దంది. ఒక్కసారి చూసింది చాలట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఊడ్చేదీ అలికేదీ పాలు పితికేదీ ఆమే. అన్నం తినేటప్పుడు మాత్రం అందరికన్నా చివర, పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని తినేది. తినమని ఎవరూ అనేవాళ్లు కాదు, తినొద్దనీ అనేవాళ్లు కాదు. మా అమ్మ సుఖపడింది, చిన్నమ్మ సుఖపడింది, అత్త చేతులు మాత్రం చెక్కల్లా అయ్యాయి.

కుడితి గోలెం ఒకటి అంచు పగిలితే చిన్నాయన కొత్తది తెచ్చి పాతించాడు. పాతదాన్ని పగలగొట్టి పడేయమన్నాడు. అత్త ఉండనీయమంది. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమె అడిగిన మొదటి వస్తువు అది. సున్నంలో బెల్లం కలిపి నూరి పగులుకు పట్టించింది. కడిగిందే కడిగింది, పులుపు వాసన పూర్తిగా పోయేదాకా. అడుగున కుంటలోని నల్లమట్టి, అందులో పాత గొర్రె పెంటికలు కలిపి చేతులతో మెదిపింది. కుంట నుంచి తెచ్చిన కలువ గడ్డలు అందులో గుచ్చి, తేలిపోకుండా ఒక్కోదాని మీద చిన్న రాయి పెట్టింది. పైన జానెడు ఇసుక. తర్వాత మోదుగాకు పరిచి, ఆకు మీద సన్నగా ధార పోస్తూ నీళ్లు నింపింది, మట్టి లేవకుండా. మేము చుట్టూ చేరి చూస్తుంటే మమ్మల్ని ఊపిరి కూడా గట్టిగా తీయొద్దంది.

మొదట ఎర్రెర్రగా చిన్న ఆకులు పైకి తేలాయి. తర్వాత అవే పచ్చగా, అరచేతులంత అయ్యాయి. దోమ పురుగు పడుతోందని కుంట నుంచి చిన్న చేపపిల్లలను తెచ్చి వదిలింది. పండిన ఆకు కనిపిస్తే భుజం దాకా చెయ్యి ముంచి కాడను మొదట్లో తుంచి తీసేది. వానాకాలం మధ్యలో మొదటి మొగ్గ వచ్చింది. తెల్ల కలువ. అది పొద్దుగూకాక విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉంటుంది. అత్త తెల్లవారుతూనే వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లి, ఆ తర్వాత చీపురు పక్కన పెట్టి గోలెం అంచు మీద చెయ్యేసి కూర్చునేది. ఏమీ చేసేది కాదు. ఊరికే చూసేది. రోజు మొత్తంలో ఆమె చేతులు ఖాళీగా ఉండేది ఆ కాసేపే. అవ్వ మంచం మీద నుంచి సణిగేది, ఆ గడ్డలు ఉడకబెట్టుకుంటే కడుపన్నా నిండుతుంది, పూలు చూస్తే ఏం నిండుతుంది అని. సణిగిన అవ్వే మర్నాడు లేవగానే, ఇవ్వాళ పూసిందా అని అడిగేది.

చిన్నమ్మ మా ఇంటికి వచ్చేనాటికి చాలా చిన్నపిల్ల. జొన్నరొట్టె చేతితో తట్టడం కూడా రాదు. అన్నీ అత్తే నేర్పింది. మధ్యాహ్నం మగవాళ్లు గొర్ల వెంట పోయాక ఇద్దరూ గోలెం పక్కన కూర్చునేవాళ్లు. వాడిన పువ్వును కాడతో సహా తీసి, కాడను అటొక విరుపు ఇటొక విరుపు విరిచి, తొక్క ఊడదీస్తే దండ అవుతుంది. పువ్వు పతకంలా కింద వేలాడుతుంది. అత్త అలా చేసి చిన్నమ్మ మెడలో వేసేది. చిన్నమ్మ నవ్వుతూ, తిరిగి అత్త మెడలో వేయబోతే అత్త మాత్రం తల పక్కకు తిప్పుకునేది. చిన్నమ్మకు కొడుకు పుట్టినప్పుడు వాడిని ఎత్తుకున్నది, స్నానాలు చేయించింది, పాలకు ఏడిస్తే తిప్పింది అంతా అత్తే. వాడే ఇప్పుడు షాద్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాడు.

అవ్వ చనిపోయిన ఏడాదే అన్నదమ్ములు వేరుపడ్డారు. కారణం ఏమిటో నేను ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మేకపోతును ఎవరో అడక్కుండా కోశారట, ఎవరో ఎవరినో మాట అన్నారట. ఊరి పెద్దమనుషులు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. గొర్లను విడదీశారు, ఎద్దులను విడదీశారు, బావి నీళ్లకు వంతులు పెట్టారు. ఇత్తడి బిందెలు అయ్యాయి, రోళ్లు అయ్యాయి. చివరికి మిగిలింది అత్త. ఆమెనూ పంచారు. ఉగాది నుంచి దసరా దాకా పెద్దవాడింట్లో, దసరా నుంచి ఉగాది దాకా చిన్నవాడింట్లో. అత్త అక్కడే నిలబడి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికైనా, ఇది బర్రె కాదు మనిషి అని తోచలేదు.

తర్వాత వాకిలిని పంచడానికి ఈ కొస నుంచి ఆ కొసకు తాడు పట్టారు. తాడు అత్త గోలేన్ని ఇంచుమించు రాసుకుంటూ పోయింది. గోలెం చిన్నాయన వైపు పడింది. నేలలో పాతినవి నేలతోనే పోతాయన్నాడు తాడు పట్టిన పెద్దమనిషి. పెకిలిస్తే అతుకు విడిపోయి ముక్కలవుతుంది. అప్పుడు అత్త నోరు విప్పింది.

"నాకు మీ గొర్లద్దు, చెలకద్దు. గా గోలెం కాడ గోడల ఓ కంత ఇడిసిపెట్టుండ్రి. వంగి పోయొస్త."

కంత అంటే సందు, మనిషి వంగి దూరేంత. ఆమె అడిగింది అంతే. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను నవ్వాడు కూడా. చిన్నాయన మాత్రం నవ్వలేదు.

"ఇయ్యాల కంతంటది. రేపు పాలంటది."

పాలు అంటే ఆస్తిలో వాటా. మా బాపు తలూపాడు. పొద్దున్నుంచీ ప్రతి వస్తువు దగ్గరా కొట్టుకున్న అన్నదమ్ములకు ఆ రోజు కుదిరిన మాట అదొక్కటే. కంత ఉంచితే ఇక గోడెందుకని బాపు అన్నాడు. మూడో రోజుకల్లా మట్టిగోడ లేచింది. నిలువెత్తు గోడ. దాంతో తృప్తి పడకుండా ఇద్దరూ తమ తమ పెళ్లాల చేత ఒట్టు వేయించారు. అవతలింటి ఆడవాళ్లతో మాట్లాడితే కన్నపిల్లల మీద ఒట్టు. మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి వేసింది. చిన్నమ్మ తన కొడుకు తల మీద. ఈనాటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. మాకు అది నవ్వులాట కాదు. పిల్లలు ఈగల్లా రాలిపోయే రోజులు అవి. పిల్లాడి తల మీద ఒట్టంటే గొంతు మీద కత్తి పెట్టినట్టే.

ఉగాది కాబట్టి మొదటి వంతు మాది. ఎండలు ముదిరాయి. అమ్మ ఒక కుండ ఇచ్చి, కొత్తగా పెట్టుకొమ్మని అత్తతో అంది. గడ్డ ఎక్కడి నుంచి తేవాలి? ఆ ఏడు కుంట ఎండి పర్రెలు విచ్చింది. ఉన్న గడ్డలన్నీ గోడకవతలే ఉన్నాయి. వీధిలో ఒక పిల్లగాడితో అడిగిస్తే చిన్నాయన, నా వైపు నుంచి పుల్ల కూడా కదలదన్నాడు. అప్పుడు అత్త రోలును దొర్లించుకుంటూ గోడ దగ్గరికి తెచ్చి బోర్లించింది. దాని మీద ఎక్కి, నీళ్ల బిందెను గోడ మీద పెట్టి, మెల్లగా అవతలికి వంచేది. నీళ్లు గోలెంలో పడిన చప్పుడు మాకు వినిపించేది. ఆ నీళ్లు కూడా ఇంటికోసం తెచ్చినవి కావు. అందరి నీళ్లూ మోసేశాక తనకోసం మళ్లీ చేదబావికి పోయి తెచ్చుకునేది. బాపు చూసి, దిక్కుమాలిన పని అన్నాడు గానీ ఆపలేదు. తన నీళ్లు కాదు కదా.

పైనుంచి అంత ఎత్తున పడే నీళ్లకు అడుగు మట్టి లేచి, ఆకులు మాడడం మొదలైందట. ఇది నాకు పోయిన నెల చిన్నమ్మ చెప్పింది. రోజూ అత్త ఇవతల నుంచి నీళ్లు పోసే చప్పుడు వింటూనే ఉందట. ఆకులు అంచులు నల్లబడి ముడుచుకుపోతుంటే చూడలేకపోయిందట. బాలమ్మ పాణమంతా దీంట్లోనే ఉంది, ఇది పోతే ఎట్లా అనుకుందట. అడుగుదామంటే కొడుకు మీద ఒట్టు. తనకు తెలిసిన బలం ఒక్కటే. పులిసిన చిక్కటి కుడితి, అందులో మరింత తవుడు కలిపి, తన బర్రెకు కూడా తగ్గించి, గోలెం నిండా పోసింది. అత్త ఎంత సంతోషపడుతుందో అనుకుంటూ పోసింది. ఆనపపాదుకు పోస్తే లేచి కూర్చుంటుంది కదా. నిలవనీళ్లలో పోస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో అత్తకు ఒక్కదానికే తెలుసు. ఆ అత్త నాలుగు మూరల దూరంలో, గోడకు ఇవతల ఉంది.

కంపు మా వాకిట్లోకి వచ్చింది. అత్త బిందె లేకుండానే రోలెక్కింది. నేను అక్కడే ఉన్నాను. నీళ్లు నల్లగా నురగలు కక్కుతున్నాయట, చేపపిల్లలు తెల్లగా తేలాయట, ఆకులు చెయ్యి పెడితే జారిపోయేలా కుళ్లాయట. కుడితి వాసన ఆమెకు తెలియందా? తన గోలేన్ని మళ్లీ బర్రె తొట్టి చేశారనుకుంది. అవతల చిన్నమ్మ కొడుకును చంకనేసుకుని నిలబడి ఉంది. అత్త గొంతు పెంచలేదు.

"నీ బర్రెకు తాగనీకి ఇంకో జాగ దొర్కలేదా సత్తెమ్మా? నా కడుపు ఎట్లనో ఎండింది. గీ గోలెమన్న పచ్చగుంటదనుకున్న."

అవతల నుంచి జవాబు రాలేదు. ఆ మౌనాన్నే మేము ఇన్నేళ్లూ పొగరు అనుకున్నాం. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డానని చిన్నమ్మ ఇప్పుడు చెబుతోంది. "నోరు తెరుస్తె పోరడు ఏమైతడో అని బుగులు బిడ్డా" అని, ఆ పోరడు కట్టిన ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఊరుకో చిన్నమ్మా అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నేను జీవితంలో అని ఉండను.

దసరా వచ్చింది. అత్త వంతు మారే రోజు. ఆ ఇంట్లో ముద్ద ముట్టనంది. బాపు ఆమె చీరెల మూట తీసుకుపోయి తమ్ముడి గడప ముందు పెట్టి వచ్చాడు, అప్పు తీర్చినవాడిలా. చిన్నాయన దాన్ని కాలితో వీధిలోకి జరిపాడు. అమ్మ, ఈ ఆరు నెలలు మనమే పెడదాం అని బతిమాలితే, ఒక్కసారి వంతు తప్పితే ఇక ఎప్పటికీ మన మీదే పడుతుందన్నాడు బాపు. మా బాపు ఆకలిగొన్న కుక్కకు రొట్టె వేయకుండా తినేవాడు కాదు. చెల్లెలి దగ్గర మాత్రం లెక్క తప్పనివ్వలేదు. అత్త మూట తీసుకుని, ఊరి బయట చెలకలో గొర్ల దొడ్డి పక్కన కాపలావాళ్లు పడుకునే గుడిసెలోకి పోయింది. పల్లికాయ ఏరి, కూలి చేసి బతికింది. చలికాలం చివర్లో జ్వరం పట్టుకుంది. నల్గొండ దవాఖానకు తీసుకుపోవాలంటే బండి కట్టాలి. వంతు చిన్నాయనది, అతనే కట్టాలన్నాడు బాపు. నా ఇంటి గడప తొక్కనిదానికి నేనెందుకు కట్టాలన్నాడు చిన్నాయన. చివరికి ఎవరిదో పరాయివాళ్ల బండి దొరికింది. నార్కట్‌పల్లి చేరకముందే ప్రాణం పోయింది. ఉగాదికి ఇంకా కొన్ని రోజులున్నాయి. బతికి ఉంటే మళ్లీ మా వంతు వచ్చేది.

ఇప్పుడు చట్టం ఆడపిల్లకు వాటా ఇస్తుంది. నా ఇల్లు నా పేరు మీద ఉంది. కలువలు కావాలంటే ఆటోలో ఇంటికి తెచ్చి దించి పోతారు, ఎరువు గుళికలతో సహా. మంచిదే. కాదనను. చిన్నమ్మ కోడలు టబ్బు నీళ్లు మార్చాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. అయినా ఆ పూలు చూస్తుంటే నాకు సంతోషం కలగలేదు. ఇంత తేలిగ్గా దొరికే దానికోసం మా అత్తను అంత గోడ కట్టి ఆపారా అని ఒళ్లు మండింది. కాలం మారిందని నా పిల్లలు అంటారు. మారింది. మారకముందు పోయినవాళ్లకు దాంతో ఏం పని?

దినాల సంగతి కూడా చెప్పాలి. బతికుండగా వంతులేసుకున్నవాళ్లు, చచ్చాక నేను చేస్తానంటే నేను చేస్తానని పోటీ పడ్డారు. ఊరు చూస్తుంది కదా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చుట్టాలందరికీ కబురు పోయింది. మేకలు కోశారు, కల్లు దింపించారు. తీరా చూస్తే, రెండు ముక్కలైన వాకిట్లో ఏ ముక్కలోనూ భోజనాల బంతి పట్టదు. అన్నదమ్ములు ఏడాది తర్వాత మొదటిసారి ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నారు. ఇద్దరూ గడ్డపారలు తీసుకున్నారు. పొద్దెక్కేసరికి గోడ నేలమట్టమైంది. ఖాళీ గోలెం పైసగం పగలగొట్టి, మిగతాదాన్ని ఆ పెళ్లలతోనే పూడ్చి, పైన అలికి, విస్తర్లు వేశారు. తాడు పట్టిన పెద్దమనిషి మొదటి వరుసలో, సరిగ్గా దాని మీదే కూర్చున్నాడు. బాపు కూర వడ్డిస్తుంటే, చిన్నాయన వెనక అన్నం పెడుతున్నాడు. పెద్దమనిషి ఇద్దరినీ చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నదమ్ములంటె గిట్లుండాలె. ఇంటాడబిడ్డ కోసం గోడనే కూలగొట్టిండ్రు" అన్నాడు. అని, ఇంకో గరిటె కూర వేయించుకున్నాడు.